లవ్‌బర్డ్స్ గూట్లో పెట్టిన చెయ్యి

ఈ మధ్య పిట్టల పెంపకం నేర్చుకుంటామని ఆడపిల్లలు నా దగ్గరకు వస్తున్నారు. వచ్చిన ప్రతి పిల్లా మొదట అడిగేది ఒకటే: "అమ్మా, జత ఎంతకు పోతుంది?" అది కొట్టువాడిని అడగండి. నేను చెప్పగలిగింది వేరే ఉంది. పిట్ట గూడు ఎలా కడుతుంది, గుడ్డు ఎందుకు బతుకుతుంది, ఎందుకు చస్తుంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా పెద్దమ్మాయి రాస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. బూతులు మాత్రం తీసేస్తానంది. సరే, తియ్యనీ.

కొట్టులో చేరడం

మాది జాలరిపేట. మా ఆయన పోర్టులో కలాసీ. ఛాతీ జబ్బు చేసి పోయాడు. అప్పటికి మా చిన్నమ్మాయి ఇంకా చంక దిగలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని పాత ఊరంతా తిరిగేదాన్ని. అలా వెళ్లే ఇళ్లలో మస్తాన్ సాయిబుగారి ఇల్లు ఒకటి. ఇంటి ముందు గదిలోనే పిట్టల కొట్టు, వెనక రేకుల గదిలో పెంపకం. ఒకరోజు నడుం పట్టేసి గంప దించుకోలేక వాళ్ల గుమ్మంలో నిలబడిపోయాను. సాయిబుగారి భార్య బీబమ్మ వచ్చి గంప దించింది.

"ఏమే పైడమ్మా, ఈ బరువు నీవల్ల కాదు. పంజరాలు కడిగే మనిషి కావాలంటున్నారు మావాళ్లు. చేస్తావా?"

"పిట్టలకి నా చేపల కంపు పడతాదేటమ్మా?"

"మాకు పడింది కదే, వాటికి పడదా?" అంది.

అలా చేరాను. డెబ్బైల మాట. పంజరాలు కడగడం, గింజలు చెరగడం, నీళ్లు మార్చడం. కొన్నాళ్లకు గూళ్లు చూసే పని కూడా నాకే వచ్చింది. సాయిబుగారికి చూపు తగ్గింది, ముంతలోకి చూస్తే గుడ్డేదో రెట్టేదో తెలిసేది కాదు.

సాయిబుగారు మంచి యజమాని. కేక వేసేవారు, కానీ ఆ కేక అక్కడితో పోయేది. జబ్బు పిట్టను బాగున్నదని చెప్పి ఎవరికీ అంటగట్టలేదు. ఆయన లోపం ఒక్కటే. వాళ్ల నాన్న ఎలా చేశాడో అదే పద్ధతి అనేవారు. నాన్న చూడని పిట్ట కొట్టులోకి వస్తే ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఈ పనిలో ఇలాంటివాళ్లే ఎక్కువ. మీరు కూడా ఎవరి దగ్గరైనా చేరితే మర్యాద ఇవ్వండి, మాట వినండి. కానీ మీ కళ్లు మూసుకోకండి.

పేరు ఒకటే, పిట్టలు రెండు

మన ఊళ్లో అప్పటికి లవ్‌బర్డ్స్ అంటే మెడ మీద సన్నటి గీతలున్న చిన్న పిట్టలు. అవి బడ్జీలు. వాటికి మట్టి ముంత వేలాడదీస్తే చాలు, ఒట్టి ముంతలోనే గుడ్లు పెట్టేస్తాయి. ఆకు అక్కర్లేదు, పుల్ల అక్కర్లేదు. సాయిబుగారు వాటితోనే పెరిగారు.

తర్వాత కలకత్తా నుంచి రైల్లో అసలు లవ్‌బర్డ్స్ వచ్చాయి. పొట్టి తోక, బొద్దు ఒళ్లు, ఆకుపచ్చ రంగు. ముఖం మాత్రం దోరమామిడి పండులా ఉంటుంది. సాయిబుగారు వాటికీ అదే ముంత కట్టారు. పేరు ఒకటే కదా, కాపురం కూడా ఒకటే అనుకున్నారు.

ఒకసారి పక్కింటి పందిరి విప్పుతుంటే పచ్చి కొబ్బరి మట్ట ఒకటి పంజరం మీద పడింది. నేను తీసేలోపే ఆడపిట్ట ఆకు పట్టుకుంది. అంచు వెంట ముక్కుతో టకటకా కొరుక్కుంటూ పోయి, దర్జీ గుడ్డ కత్తిరించినట్టు సన్నటి పేలిక తీసింది. ఆ పేలికను నోట పట్టుకుని వెళుతుందనుకున్నాను. కాదు. మెడ వెనక్కి తిప్పి, తోక మీది ఈకల్లో దోపుకుంది! మళ్లీ ఒకటి కొరికింది, మళ్లీ దోపుకుంది. ఒళ్లంతా ఆకులు పెట్టుకుని ముంతలోకి దూరింది. సగం దారిలోనే రాలిపోయాయి. ఏం నిరాశ లేదు, తిరిగి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. మగపిట్ట కూడా ఒక పేలిక కొరికి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు నోట ఉంచుకుని పారేసింది. నేను నవ్వాపుకోలేకపోయాను.

సాయిబుగారు చూసి, "అరే, ముంత నిండా చెత్త పెడుతోంది. తీసెయ్ పైడమ్మా, పురుగు పడుతుంది" అన్నారు. చెప్పినట్టే చేశాను. ఆ పిట్ట పంజరం చువ్వ మీద కూర్చుని, నేను తీసేసిన ప్రతి పేలిక వంకా చూసింది.

కళ్లు తెరవని పిల్లలు

వెనక గదిలో రోజూ కుంపటి ఉండేది. బొగ్గులు రాజేసి, మీద కాస్త సాంబ్రాణి వేసి పిట్టల మధ్య పెట్టేవారు. సముద్రపు చెమ్మకు గింజలు బూజు పడుతున్నాయని వాళ్ల నాన్న మొదలుపెట్టిన అలవాటు. పైన రేకులు, కింద కుంపటి. గదిలోకి వెళితే పెదాలు ఎండిపోయేవి. బడ్జీలు ఆ వేడిలోనే పిల్లల్ని తీసేవి. కొత్త పిట్టలు మాత్రం తియ్యలేదు.

గుడ్లు పెట్టేవి. రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు, నాలుగో ఐదో. ఎండకు ఎత్తి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడేవి, అంటే జీవం పడిందన్నమాట. ఆడపిట్ట కదలకుండా పొదిగేది. మగది దాని నోటికి నోరు పెట్టి తినిపించేది. మూడు వారాలు దాటేవి, ఏ గుడ్డూ చిట్లేది కాదు. పగలగొట్టి చూస్తే లోపల నిండు పిల్ల. ముక్కు ఉంది, గోళ్లు ఉన్నాయి, ఒంటి మీద నూగు కూడా ఉంది. లోపలి పొర మాత్రం ఎండిన బంకలా దాని ఒంటికి అతుక్కుపోయి ఉండేది. తిరగడానికి వీల్లేక అక్కడే ఆగిపోయింది. ఒక్కసారి కాదు, ప్రతి ఈతలోనూ అంతే.

ఆ రోజుల్లో తగరపువలస సంత నుంచి కొర్రలు తెచ్చి వేసే మనిషి ఒకామె ఉండేది, సింహాద్రమ్మ. గట్టి నోరు. బస్తా దించి, చెంగుతో ముఖం తుడుచుకుని, నా ముందే సాయిబుగారితో అంది:

"సాయిబూ, నీ పిట్టలన్నీ బాగానే ఉన్నాయి. ఈ కొత్తయి మాత్రం ఎందుకు సస్తన్నాయో తెలుసునేటి?"

"ఎందుకు?"

"గూట్లో సెయ్యి ఎవులు ఎడతన్నారు? మొగుడు పోయినది ఎడతన్నాది. గుడ్డేటి బతుకుతాది?"

"తోబా, తోబా! అవేం మాటలు?" అన్నారు ఆయన.

"నీకు తెల్దు, ఒగ్గీ. మాకు తెలుసు."

మా ఆయన పోయినప్పటి నుంచి పెళ్లి పేరంటాల్లో వెనక నిలబడ్డదాన్నే. చచ్చిన పిల్లల్ని గుడ్లలోంచి తీసింది కూడా నా చేతులే. సింహాద్రమ్మ మాట అబద్ధమని చెప్పడానికి బతికిన పిల్ల ఒక్కటైనా లేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. గూట్లోకి చెయ్యి పెట్టేముందు పసుపు నీళ్లతో కడుక్కోవడం మొదలుపెట్టాను.

గాజువాక కబురు

ఆ కొత్త జతల్లో ఒకదాన్ని రామ్మూర్తిగారు కొనుక్కెళ్లారు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, గాజువాకలో అద్దెకుండేవారు. మా దగ్గర ఒక్క పిల్లనూ తియ్యని జత అది. ముంతతో సహా ఇచ్చేశారు సాయిబుగారు. కొన్నాళ్లకు రామ్మూర్తిగారు గింజల కోసం వచ్చి, గుమ్మంలోంచే చెప్పారు:

"సాయిబుగారూ, మీ పిట్టలు పిల్లల్ని తీశాయండీ! ఎర్రగా, ఇంతింత! మావాళ్లు కంచం దగ్గర కూడా కూర్చోవట్లేదండీ, ఎంతసేపూ పంజరం దగ్గరే."

ఆ రోజు సింహాద్రమ్మ కొట్టులోనే ఉంది.

"ఇన్నావా సాయిబూ? కొట్టు దాటగానే పొదిగినాయి. నానేటి సెప్పినాను?"

రామ్మూర్తిగారు వెళ్లాక, సాయిబుగారు నా వంక చూడకుండానే అన్నారు: "పైడమ్మా, కొన్నాళ్లు గూళ్ల దగ్గరకు పోకు. ముందు గది ఊడ్చుకో. ఈ కొత్త పిట్టలు మనకు అచ్చిరాలేదంటే అమ్మేస్తాను. అప్పుడు... చూద్దాం."

ఆ 'చూద్దాం' అంటే నాకు అర్థమైంది. ఒట్టి బడ్జీలకైతే వాళ్ల ఇంటి మనుషులు చాలు. మళ్లీ గంప ఎత్తాలి, నడుం ఒప్పుకోదు. ఇద్దరు ఆడపిల్లలు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. పని పోతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నా చేతిలో చావు ఉందన్న మాట అంటుకుంటే ఎక్కడికి పోతాను?

బీబమ్మ దగ్గరకు వెళ్లి, "ఆ పిల్లల్ని ఒక్కసారి సూసొత్తానమ్మా" అన్నాను. "వెళ్లు, నేను చెబుతాలే ఆయనకి" అంది.

తడి చీర

గాజువాక బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వెళ్లాను. రామ్మూర్తిగారి భార్య సత్యవతిగారు తలుపు తీశారు. నేను ఫలానా అని చెప్పగానే, "అయ్యో, పిట్టల కొట్టు అమ్మాయా! రా, రా, పెరట్లోకి రా" అన్నారు.

పెరటి వసారాలో పైన ఎత్తుగా దండెం. దాని మీద అప్పుడే పిండి ఆరేసిన చీర, ఇంకా నీళ్లు కారుతోంది. ఆ చీర పక్కనే అదే ఎత్తులో మా పంజరం. నేను దగ్గరకు వెళ్లబోయాను.

"ఆగాగు! అక్కడే ఆగు!" అని వెనక నుంచి కేక. "అది మడి చీర. తగిలావంటే నేను మళ్లీ తడపాలి!"

చూస్తే ముసలావిడ. బోసి నుదురు, బోసి మెడ, తలమీద ముసుగు. రామ్మూర్తిగారి తల్లి. నేను వెనక్కి తగ్గి నిలబడ్డాను.

"మామ్మగారూ, పిట్టల్ని సూద్దారని వచ్చినానండి."

"చూడు, చూడు. అక్కడి నుంచే చూడు. అదిగో, ఆ ముండని చూడు, నా చీర పని పడుతోంది!"

ఆడపిట్ట చువ్వల సందులోంచి ముక్కు బయట పెట్టి తడి చీర అంచు నములుతోంది. పక్కనే మామ్మగారు పంజరానికి కట్టిన కొబ్బరాకు ముక్క. పిట్ట నీళ్ల గిన్నెలో దిగి పొట్ట తడుపుకుని, ఆకు పేలిక ఒకటి వీపున దోపుకుని ముంతలోకి వెళ్లింది. లోపల నుంచి సన్నగా కిచకిచ.

అడగాల్సింది అడిగాను.

"ఈ గూడు... ఎవరు సూత్తారండి? లోన సెయ్యి ఎవరెడతారు?"

"ఎవరు పెడతారు? నేనే! మా కోడలికి భయం, కరుస్తుందని. మనవలకి ఆగదు, నలిపేస్తారు. పొద్దున్నే స్నానం చేసి, చీర ఆరేసి, ఆ తడి చేత్తోనే ముంతలో తడిమి చూస్తాను. రెండుసార్లు కరిచింది కూడాను. చూడు!" అని వేలు చూపించింది.

నేను ఆవిడ వేలు చూడలేదు. బోసి నుదురు చూశాను. అక్కడే వసారా మెట్టు మీద కూలబడ్డాను.

"ఏవైందే పిల్లా? ఎండదెబ్బా? సత్యా, మజ్జిగ పట్రా!"

మజ్జిగ వచ్చింది. తాగుతూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆవిడకేం అర్థం కాలేదు. "పిట్టలు పిల్లల్ని తీస్తే ఏడుస్తావేమే, వెర్రిదానా" అంది. సింహాద్రమ్మ అన్నమాట చెప్పాను. మామ్మగారు దండెం వంక చూస్తూ, "నన్నూ అన్నార్లే. పిట్టలకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు" అంది.

తిరిగి వచ్చే బస్సులో భయం లేదు. ఒక ప్రశ్న మాత్రమే ఉంది. ఆవిడ చెయ్యీ, నా చెయ్యీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? పిట్ట అదే, ముంత అదే, గింజలు కూడా మావే. మా గదిలో కుంపటి ఉంది, అక్కడ తడి చీర ఉంది. మేము ఆకు తీసేశాం, ఆవిడ ఆకు కట్టింది. పొర ఎండి పిల్లకు అతుక్కుపోవడం గుర్తొచ్చింది. అంతే, గుడ్డుకు కావలసింది చెమ్మ అని, పిట్ట పచ్చాకు మోసేది అందుకేనని తెలిసిపోయింది.

కుంపటి తియ్యడం

సాయిబుగారికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"తడి పెడితే బూజు పడుతుంది. మా అబ్బాజాన్ ముప్పై ఏళ్లు ఈ కుంపటితోనే నడిపాడు."

"ఆయన పెంచినయి ఈ పిట్టలు కాదు కదండి. గింజలు ముందు గదిలోకి మార్చీసి, కుంపటి ఆటి కాడే ఎడదాం. నాకు ఒక్క జత ఇవ్వండి సాయిబుగారూ. ఈపాలి కూడా పోతే నానే ఎల్లిపోతాను."

బీబమ్మ లోపల నుంచి అంది: "ఇవ్వండి. ఎలాగూ అమ్మేద్దామనుకున్నారు కదా."

ఇచ్చారు. ఆ జతను మంచినీళ్ల కుండల దగ్గర, నీడలో కట్టాను. పక్కన తడి గోనె వేలాడదీశాను, ముంత మీద మాత్రం నీళ్లు చల్లలేదు. పచ్చి కొబ్బరాకు ఇచ్చాను, వెడల్పు గిన్నెతో నీళ్లు పెట్టాను. ఆడపిట్ట ఆకు కత్తిరించడం మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపలేదు. ఎన్ని నెలల ఆకలో దానికి!

పొదిగినన్నాళ్లూ నాకు అన్నం సరిగ్గా దిగలేదు. ఒక పొద్దుట గోనె తడుపుతుంటే ముంతలోంచి కిచకిచ వినిపించింది. సాయిబుగారిని పిలిచాను. ఆయనకు చూపు ఆనదు కదా, ముంతకు చెవి పెట్టారు. అలాగే నిలబడిపోయారు.

"పైడమ్మా," అన్నారు, "ఆ కుంపటి అవతల పారెయ్."

"కుంపటేం సేసిందండి, బీబమ్మగారికి ఇయ్యండి, సేపలు కాల్సుకుంటారు" అన్నాను. అందరం నవ్వాం. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో అంత నవ్వు.

మీకు చెప్పేవి

ఆ తర్వాత చాలా ఏళ్లు చేశాను. మోకాళ్లు మొరాయించాక మానేశాను. నేర్చుకున్నది ఇదీ.

ఈ పిట్టల్లో ఆడా మగా చూపుకు తెలియవు. రెండు ఆడపిట్టలు కూడా జతకట్టి, ముద్దులాడి, ఒకే గూట్లో గుడ్లు పెట్టేస్తాయి. ముంత నిండా గుడ్లుంటే సంబరపడకండి, ఎండకు ఎత్తి చూడండి. నరం లేకపోతే అది వట్టి గుడ్డు. ఆకు వీపున దోపుకునేది చాలావరకు ఆడదే.

గుడ్డు పెట్టే పిట్టకు ఎముక బలం కావాలి. మా జాలరిపేట ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నురుగు అనే తెల్లటి, తేలికపాటి చేప ఎముక తెచ్చి, ఉప్పు పోయేదాకా నానబెట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టండి. అది లేకపోతే గుడ్డు దిగక పిట్ట చస్తుంది.

ఒకే పంజరంలో రెండు కాపురాలు పెట్టకండి. ఆడపిట్ట పక్కదాని కాలివేళ్లు కొరికేస్తుంది. పేరులో లవ్ ఉందని మోసపోకండి.

గూడు చూడండి, కానీ రోజుకొకసారి చాలు, అదీ పిట్ట బయటకు వచ్చినప్పుడు. ఊరికే తెరిచి చూస్తే తల్లి గుడ్లు వదిలేస్తుంది. పిల్లలు పుట్టాక ఆఖరుది అన్నిటికంటే చిన్నది, దానికి తిండి అందుతోందో లేదో మెడ కింద సంచి చూసి తెలుసుకోండి.

గుడ్డు చస్తే మనిషిని తిట్టేముందు గదిని చూడండి. గాలి, నీడ, తడి, తిండి. అవన్నీ చూశాక కూడా కారణం దొరక్కపోతే, తెలియలేదని చెప్పండి. తెలియదనడం తప్పు కాదు. తెలియక ఒకరి మీదకు తోసెయ్యడం తప్పు.

సింహాద్రమ్మ కోడి

పిల్లలకు ఈకలొచ్చాక సింహాద్రమ్మ కొర్రల బస్తాతో వచ్చింది. పంజరం ముందు చాలాసేపు నిలబడింది. తప్పయిందని అనే మనిషి కాదు, నేనూ ఎదురుచూడలేదు. బస్తా దించి, డబ్బు పుచ్చుకుని, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది.

"ఏమే పైడీ. మా కోడిపెట్ట పొదుక్కొచ్చినాది. గుడ్లు నువ్వు ఎట్టు. నీ సెయ్యి మంచిదంట."

"ఎవులన్నారు?"

"ఎవులో అన్నారులే. వత్తావా రావా?"

నాకు నవ్వొచ్చింది. ఆ మాట కోసం ఒకప్పుడు ప్రాణమిచ్చేదాన్ని. ఇప్పుడు అదీ అక్కర్లేదనిపించింది.

"నా సేతిలో మంచీ నేదు, సెడ్డా నేదు వదినా. కోడికి నీడ సూడు, నీళ్లు సూడు. గుడ్లు నువ్వే ఎట్టుకో."

"అబ్బో! సాయిబు కొట్టులో జేరి పంతులమ్మవి అయిపోనావే!"

నవ్వుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ మూర మల్లెపూలు కొన్నాను. సింహాద్రమ్మ ఆ మాట అన్న దగ్గర నుంచి మా పిల్లల తలలో పూలు నేను పెట్టేదాన్ని కాదు. పక్కింటామెను పిలిచి పెట్టించేదాన్ని. ఎందుకని పిల్లలు అడిగితే, నా చేతులు పిట్టల కంపని చెప్పేదాన్ని. ఆ రోజు చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నూనె రాసి, జడ వేసి, పూలు నేనే పెట్టాను. పెద్దది చూసి, "అమ్మా, నాకూ" అంటూ వచ్చి ముందు కూర్చుంది.

ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ పిల్లే.